యెషయా నుంచి మత్తయికి ఒక దారం

పోయిన ఆదివారం వనపర్తి చర్చిలో ప్రసంగం ముగించి కూర్చున్నాక ఫోన్ చూసుకుంటే, మా పెద్దమ్మ కన్నుమూసి ప్రభువునందు నిద్రించిందని కబురు. ఆ రోజు నేను చెప్పిన ప్రసంగం ఆమెదే. ఆ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. ఈ నాలుగు మాటలు రాస్తున్నది అందుకే.

ఆమె మా అమ్మకు అక్క. రాజోలి దగ్గర మా ఊళ్లో విత్తనాల కోసం పండించే సీడు పత్తి చేలల్లో కూలికి పోయేది. ఆదివారం మా చిన్న చర్చిలో పిల్లలకు బైబిలు చెప్పేది. సీడు పత్తిలో సాయంత్రం మొగ్గను ఒలిచి సిద్ధం చేస్తారు. తెల్లారి వేరే మొక్క పువ్వు తెచ్చి దాని పుప్పొడి ఈ మొగ్గకు రాసి, గుర్తుకు ఎర్రదారం కడతారు. ఆ దారం పెద్దమ్మ కొంగుముడిలో ఎప్పుడూ ఉండేది. దాన్నే బైబిలుకూ కట్టింది. ప్రవక్త మాట ఉన్న పేజీ అంచుకు సూదితో బొక్క పొడిచి దారం కట్టి, రెండో కొసను అది నెరవేరిందని రాసిన సువార్త పేజీకి ముడివేసేది. అన్ని దారాలతో ఆ బైబిలు సరిగా మూతపడేది కాదు. "నీ బైబిలుకు జడలు మొలిచినయి పెద్దమ్మా" అని ఏడిపించేవాళ్లం.

"మాపటికి మొగ్గ ఒలిచినోళ్లు ప్రవక్తలు. పొద్దుగాల పువ్వు రాసినోళ్లు మత్తయి, లూకా. దారం లేకుంటే ఏది దేనిదో ఎట్ల తెలుస్తది?" అనేది.

ప్రవక్తలు ఆమెకు ఇరుగుపొరుగే. "మీకా ప్రవక్త పల్లెటూరాయన. గందుకే బేత్లెహేమసొంటి చిన్న ఊరు ఆయన కంట్ల పడ్డది. పట్నపోళ్లు పట్టించుకుంటరా?" రాజు గాడిదనెక్కి వస్తాడన్న జెకర్యా అంటే మరీ ఇష్టం. "గుర్రమెక్కితే మన వాడకు రాడు బిడ్డా."

బైబిలు కాలేజీలో మొదటి ఏడాది చదివి నేను సెలవులకు వచ్చాను. నాలుగక్షరాలు రాగానే నెత్తికెక్కిన పొగరు. క్రిస్మస్ ముందు ఆదివారం, పిల్లలతో పాటు పెద్దలూ వింటున్నారు. కన్య కొడుకును కంటుందన్న యెషయా మాట దగ్గర దారం పట్టుకుని ఆమె మత్తయిలోకి పోబోతోంది. నేను లేచాను.

"పెద్దమ్మా, నీకు తెల్వదు. అది యేసు గురించి చెప్పింది కాదు. శత్రువులు మీదికొస్తుంటే వణుకుతున్న ఆహాజు రాజుకు యెషయా ఇచ్చిన గుర్తు. ఎప్పుడో వందల ఏళ్లకు పుట్టేటోడు ఆ రాజుకేం ధైర్యం?"

ఎవరో నవ్వారు. ఆమె కోప్పడలేదు. "గట్లనా? నాకెవరు చెప్పలే బిడ్డా" అని దారం వదిలేసి బైబిలు మూసింది. అది మూతపడలేదు. చేత్తో ఒత్తిపట్టుకుంది.

మరుసటి ఆదివారం నుంచి వెనక చాప మీద కూర్చుంది. ఎందుకని అడిగితే "కండ్లు ఆనుతలేవు" అంది. పిల్లలకు మళ్లీ చెప్పనే లేదు.

నేను చెప్పింది తప్పు కాదు, సగం. భయపడ్డ ఒక రాజుకు చెప్పిన మాటను తర్వాతి తరాలు తమ భయాల్లో మళ్లీ విన్నాయని, మత్తయి దాని నిండుదనాన్ని యేసులో చూశాడని నాకు ఆలస్యంగా అర్థమైంది. అర్థమైననాడే బస్సెక్కి పోయి ఆమెకు చెప్పాల్సింది. ఊరికి పోయినప్పుడల్లా చాయ్ తాగాను, ఒంట్లో ఎట్లుందని అడిగాను. ఆ ఒక్క మాట మాత్రం చెప్పలేదు. పైగా ఆమె దారాల ముచ్చటనే నా సొంతంలా చెప్పి, వనపర్తిలో "అయ్యగారు మంచిగ చెప్పిండ్రు" అనిపించుకున్నాను. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

సమాధి దగ్గర నుంచి ఇంటికి వచ్చాక ఆమె కోడలు, మా వదిన, ఆ బైబిలు తెచ్చి నా చేతుల్లో పెట్టింది. "నీకే ఇయ్యమన్నది అత్త. దినాం చదువుతుండె."

"కండ్లు ఆనుతలేవన్నది గదా వదినా?"

"ఎవరన్నరు? సూదిల దారం ఆమెనే ఎక్కించుకునేది."

యెషయా ఏడో అధ్యాయం తీశాను. ఆ దారం తెంపేసి ఉంటుందనుకున్నాను. వెలిసిపోయిన ఎర్రదారం మత్తయి దాకా అలాగే ఉంది. అదే బొక్కలోంచి ఇంకో దారం, తెల్లది, వెనక్కి పోయింది. పట్టుకుని లాగితే రాజుల గ్రంథంలో ఆహాజు కథ దగ్గర పేజీ తెరుచుకుంది. అంచున ఆమె వంకర అక్షరాలు: "మా చిన్నోడు చెప్పిండు."

మూయబోతే బైబిలు మూతపడలేదు. చేత్తో ఒత్తిపట్టుకుని కూర్చున్నాను.