అటక మీద డబ్బా

నిర్మల హాల్లోకి అడుగు పెట్టే ముందు గుమ్మం దగ్గర ఆగి తలెత్తుతుంది. ఎదుటి గోడ మీద కెమెరా, దాని అడుగున చిన్న దీపం. దీపం పచ్చగా ఉంటే పైట సర్దుకుని లోపలికి వెళుతుంది. ఎర్రగా ఉంటే ఫోను చేతిలోకి తీసుకుని అక్కడే నిలబడుతుంది. రెండు మూడు నిమిషాల్లో అది మోగుతుంది.

"ప్లగ్గు ఎందుకు తీసేవు?" అంటాడు ఆమె భర్త ఎలీషా, కువైట్ నుంచి.

"నేను తియ్యలేదండి."

"మరెవరు తీసేరు?"

ఇంట్లో ఉండేది ఇద్దరే. ఆమె, అత్తగారు దీనమ్మ. దీనమ్మకు కరెంటంటే భయం. స్విచ్చి వెయ్యాలన్నా కోడల్ని పిలుస్తుంది. కాబట్టి ఆ ప్రశ్నకు మిగిలే జవాబు ఒకటే.

రాజోలుకు రెండు మైళ్ల దూరంలో, కాలవ గట్టు పక్కన వాళ్ల ఇల్లు. పాత పెంకుటిల్లు, దాని ముందు కొత్తగా వేసిన స్లాబు గది. మూడేళ్ల కిందట దీనమ్మకు కంటి ఆపరేషన్ జరిగింది. తల్లిని చూసుకుంటూ ఉండొచ్చని ఎలీషా హాల్లో కెమెరా పెట్టించాడు. కన్ను బాగుపడింది. కెమెరా ఉండిపోయింది. మరుసటి ఏడు పెరటి వైపు ఇంకొకటి వచ్చింది.

ముందు గదిలోని నెట్టు పెంకుటింటి లోపలికి సరిగా అందడం లేదని, కిందటి సెలవుకు వచ్చినప్పుడు మూడు తెల్ల డబ్బాలు తెచ్చాడు. ఒకటి ముందు గదిలో, ఒకటి వంటింట్లో, మధ్యది అటక మీద. తీగ లేకుండా ఒకదాని నుంచి ఒకటి అందుకుంటాయి. మధ్యది ఆగితే వంటింటిదీ ఆగుతుంది, రెండు కెమెరాలూ ఆగుతాయి.

"ఎవరి చెయ్యీ తగలకూడదు," అని దాన్ని అటక మీద పెట్టించింది ఎలీషాయే. నిచ్చెన వేస్తే గాని అందదు. దాని కరెంటు తీగ మాత్రం కిందికి దిగి, గుమ్మం పక్క ప్లగ్గులో ఉంటుంది.

అతను ఉన్న నెల రోజులూ ఒక్కసారి కూడా ఆగలేదు. వెళ్లిన రెండు వారాలకు ఆగడం మొదలుపెట్టింది. ఒక రోజు పొద్దున్న పది నిమిషాలు. మర్నాడు మధ్యాహ్నం గంట. ఆ తర్వాత రెండు రోజులు ఏమీ లేదు.

"నేనున్నప్పుడు ఆగలేదు. నేనొచ్చేసేకే ఆగుతోంది. నువ్వే చెప్పు," అన్నాడు.

అతను కేకలు వెయ్యడు. చెడ్డ మాట అనడు. అదే మాట మళ్లీ అడుగుతాడు.

నిర్మల ఊళ్లోని ప్రైవేటు స్కూల్లో ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెబుతుంది. గీతలు కొట్టిన నోటుపుస్తకం ఒకటి తీసి, తేదీ, ఆగిన టైము, వచ్చిన టైము, అప్పుడు ఇంట్లో నడుస్తున్నవి అని గళ్లు వేసింది. చివరి గడి మీద 'కారణం' అని రాసింది. మిక్సీ నడిచినప్పుడు ఆగింది. మిక్సీ నడవనప్పుడూ ఆగింది. వానలో ఆగింది, ఎండలో ఆగింది. పంతొమ్మిది రోజులు రాసింది. చివరి గడి ఖాళీగానే ఉంది.

రాజోలు నుంచి నెట్టు మనిషి సత్యదుర్గారావు రెండు సార్లు వచ్చాడు. మొదటిసారి డబ్బాలన్నీ ఆపి మళ్లీ వేశాడు. రెండోసారి ఎడాప్టరు మార్చాడు. పక్కింటి వాళ్ల నెట్టూ ఇదీ ఒకే చానల్ మీద కొట్టుకుంటున్నాయని చానల్ మార్చాడు. రెండు రోజులు బాగుంది. మూడో రోజు దీపం ఎర్రగా మారింది.

ఆ రోజు ఎలీషా కొత్త మాట అన్నాడు.

"నెలాఖరు దాకా చూద్దాం. అప్పటికీ ఇలాగే ఉంటే స్కూలు మానెయ్. ఇంట్లో ఉండి ఆ డబ్బాని చూసుకుందువు గాని."

నెలాఖరుకు ఆరు రోజులుంది. స్కూలు గోడల మీద కెమెరాలు లేవు. ఆ సంగతి ఆమె ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక సత్యదుర్గారావు మూడోసారి వచ్చాడు.

"టీచరుగారండీ, ఇక ఆ పైదాన్నే చూడాలండి. నిచ్చెనుందాండీ?"

అటక ఎక్కి అటూ ఇటూ వెతికాడు.

"ఇదేంటండీ, డబ్బా ఏదండీ? అన్నీ కాయలే!"

"కురిడీ కొబ్బరికని పోయించేం బాబూ," అంది దీనమ్మ కింద నుంచి. "ఎండేదాకా అక్కడే ఉంటాయి. కాయల వెనకాల చూడు."

అతను కొబ్బరికాయ ఒకటి తీసి, అందరూ చేసినట్టే చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. లోపల నీళ్లు చప్పుడు చేశాయి. మరొకటి ఆడించాడు. అందులోనూ నీళ్లే.

"ఇవెప్పుడు పోసేరండీ?"

నిర్మల లెక్క వేసుకుంది. ఎలీషా ఉన్నప్పుడు అటక మీద ఉన్నవి పాత కాయలు. నీళ్లింకి, లోపల కొబ్బరి గుండులా గలగలమనేవి. అతను వెళ్లిన రెండు వారాలకు వాటిని దింపి అమ్మేశారు. అదే రోజు తోటలో దింపిన కాయలు రెండు వేలు పైకి ఎక్కించారు.

"ఆయనెళ్లిన రెండు వారాలకి," అంది.

"అదండీ సంగతి. నీళ్లు సిగ్నల్ని మింగేస్తాయండి. ఇన్ని కాయల మధ్యన పెడితే చెరువులో ముంచినట్టే. ఏదో కొసప్రాణంతో ఉందండి. పక్కోళ్ల నెట్టు జోరందుకుంటే పడిపోద్ది, తగ్గితే లేస్తాది. నేనూ మొద్దునే, రెండుసార్లొచ్చి కిందే చూసి పోయేను."

"కాయలు నెట్టు తాగుతాయా?" అంది దీనమ్మ. "అయితే వీటితో పచ్చడి చేస్తే మీ ఆయన మాటలు వినబడతాయేమోనే అమ్మాయ్."

సత్యదుర్గారావు నవ్వుతూ డబ్బా కిందికి దించి, గుమ్మం పక్క గోడకు, ప్లగ్గుకు మూరెడు ఎత్తున బిగించాడు. దీపం పచ్చబడింది. వంటింట్లో, పెరట్లో ఫోను పట్టుకుని తిరిగి చూశాడు. ఎక్కడా తెగలేదు.

నిర్మల ఎలీషాకు తనే ఫోను చేసింది. ఆ సంగతి మీద ఆమె చేసిన మొదటి ఫోను అదే. సత్యదుర్గారావు అంతా చెప్పాడు.

"కొబ్బరికాయలా?" అన్నాడు ఎలీషా.

"ఆయ్, కాయలేనండి."

ఫోను ఆమె చేతికి వచ్చింది.

"అయితే నువ్వు కాదన్నమాట."

"కాదండి."

ఆమె ఇంకో మాట కోసం ఆగింది. అవతల ఎవరో తలుపు వేసిన చప్పుడు.

"సరే, స్కూలుకి వెళ్లు, నేనేం అనను. బాగయింది కదా, ఇక ఆగదు," అన్నాడు. తర్వాత చిన్నగా నవ్వాడు. "ఇక ఆగిందంటే మాత్రం నువ్వే."

ఆ మధ్యాహ్నం దీపం రెప్ప వెయ్యలేదు. నిర్మల హాలు దాటి వంటింట్లోకి, వంటింట్లోంచి పెరట్లోకి తిరిగింది. ప్రతిసారీ పచ్చగానే ఉంది. దీపం ఎర్రబడడానికీ ఫోను మోగడానికీ మధ్య రెండు మూడు నిమిషాలు ఉండేవి. అప్పుడు భయంతో నిలబడి ఉండేది. అయినా అవి తనవి. వాటిని కూడా లెక్క పెట్టుకుంటూ వచ్చిందని ఆ మధ్యాహ్నమే తెలిసింది.

"ఏంటమ్మాయ్, అన్నం అలాగే వదిలేసేవు?" అంది దీనమ్మ.

"తింటానండి అత్తయ్యగారూ."

మర్నాడు ఎనిమిదింటికి స్కూలుకు తయారై, కేరేజీ సంచిలో పెట్టుకుని, గుమ్మం దగ్గర ఆగి తలెత్తింది. పచ్చ. పైట సర్దుకోలేదు. కెమెరాకు కనబడేలా గోడ దగ్గరికి నడిచి, ప్లగ్గు పట్టుకుని లాగింది. దీపం ఎర్రబడింది. సంచిలోంచి నోటుపుస్తకం తీసి తేదీ వేసింది, టైము వేసింది. ఫోను మోగింది.

"ఎందుకాగింది?"

"నేనే తీసేనండి."

అవతల డ్యూటీ బస్సు చప్పుడు. ఆమె ఫోను పెట్టేసి, 'కారణం' అన్న గడిలో 'నేను' అని రాసి, పుస్తకం సంచిలో పెట్టుకుని స్కూలుకు వెళ్లింది.