నగరి మగ్గాల సినిమా కోసిన పంకజాక్షి

పంకజాక్షికి మనుషుల మీద పెద్ద గౌరవం ఎప్పుడూ లేదు. పంతొమ్మిది వందల ఎనభై ఆరో సంవత్సరం ఎండాకాలంలో ఆ ఉన్న కాస్తా పోయింది.

ఆమెది నగరి. నాయన జయరామయ్య పవర్‌లూమ్ షెడ్డులో నేత నేసేవాడు. ఆమె తిరుపతి హాస్టల్లో ఉండి పత్రికల చదువు చదివేది. కాలేజీకి కొత్తగా వీడియో కెమెరా వస్తే, నగరి నేతగాళ్ల మీద డాక్యుమెంటరీ తియ్యమని విద్యార్థుల్ని పంపినారు. గుంపుకి పెద్ద ప్రేమానందం, తిరుపతిలో ఒక కాంట్రాక్టరు కొడుకు. ఆ ఊరి పిల్లే కదా అని పంకజాక్షికి వాళ్లిచ్చిన పని, అందరికీ టిఫిన్లు కట్టించి పంపడం.

తీసేటప్పుడు అందరూ ఉన్నారు. తీసింది కోసి అతికించాల్సి వచ్చేసరికి ఒకడికి జ్వరం, ఇంకొకడికి పరీక్ష, ప్రేమానందానికి చుట్టాల పెళ్లి. క్యాసెట్లన్నీ ఆమె ఒళ్లో పడినాయి.

వాటిని పట్టుకుని తిరుపతిలోనే ఉన్న గురప్ప దుకాణానికి పోయింది. పెళ్లి వీడియోలు తీసే గురప్ప దగ్గర రెండు వీసీఆర్‌లు ఉండేవి. ఒకదాంట్లో క్యాసెట్ ఆడుతుంటే, కావలసిన ముక్క రాగానే రెండోదాంట్లో రికార్డు నొక్కాలి. నడుమ ఎక్కడ తప్పు పోయినా అక్కణ్ణించి చివరిదాకా మళ్లీ చెయ్యాల్సిందే.

మొదటి క్యాసెట్ పెట్టింది. మగ్గం ముందర ప్రేమానందం. రంగు తొట్టి ముందర ప్రేమానందం. నల్లద్దాలు పెట్టుకుని, పేదరికం గురించి చెబుతూ, తన గొంతుకి తానే మురిసిపోతున్న ప్రేమానందం. నేసేవాళ్లు అతని భుజం వెనకాల ఎక్కడో కదులుతున్నారు.

“ఇది నేతగాళ్ల సినిమానా, ఈయన పెళ్లిచూపులా అన్నా?” అంది.

గురప్ప నవ్వినాడు. “నేను తీసే పెళ్లికొడుకులు కూడా ఇంతసేపు నిలబడరు మే!”

రెండో క్యాసెట్లో చౌడమ్మ వచ్చింది. మగ్గాలకి నూలు కండెలు చుట్టే ముసలామె. పంకజాక్షి వాళ్ల వీధి మనిషే.

“అవ్వా, కొంచెం బాధగా సూడు. కండ్లల్లో నీళ్లొస్తే ఇంకా బాగుంటాది,” అంటున్నాడు ప్రేమానందం.

చౌడమ్మ చెయ్యి ఆపకుండా అతన్ని కింద నుంచి పైదాకా చూసింది. “నాకెందుకప్పా ఏడుపు? పొద్దున్నించి పని చెడగొడతాండారు. ఏడవాలంటే మా ఓనరు ఏడవాల.”

అతను పక్కకి తిరిగి, “ఈ ముసల్ది పనికి రాదు, ఇంకొకర్ని పట్టండ్రా,” అన్నాడు. కెమెరా ఆగిందనుకున్నాడు. ఆగలేదు.

పంకజాక్షి ఆ ముక్కతోనే సినిమా మొదలుపెట్టింది. మిగతా చోట్లంతా ప్రేమానందాన్ని తీసిపారేసింది. వెనకాల వినిపించమని అతనిచ్చిన ఏడుపు వయొలిన్ క్యాసెట్‌ని ముట్టుకోలేదు. మగ్గాల మోత మోతగానే ఉంచింది.

అంతా అయ్యాక లెక్చరరు మునిరామయ్య వచ్చి చూసినాడు. “నా ఉపన్యాసం యాడమ్మా?”

“మగ్గాల సద్దులో మీ మాట ఇనపళ్లేదు సార్.”

“నేను కెమెరాకి మాట్లాడింది నా గదిలో. ఆడ మగ్గం యాడిది?”

మొదట్లో పెట్టమన్నాడు. పెడితే మొత్తం మళ్లీ చెయ్యాలి. ఆమె చివర్లో తగిలించి ఊరుకుంది.

కాలేజీ హాల్లో సినిమా వేసినారు. చౌడమ్మ మాటకి హాలంతా గొల్లుమంది. ముందు వరసలో ప్రేమానందం మెడ ఎర్రబడడం పంకజాక్షి చూసింది. ఇప్పుడైనా సిగ్గుపడతాడనుకుంది. మద్రాసు నుంచి వచ్చిన ముఖ్య అతిథి లేచి, తమ తప్పు తామే చూపించుకున్నారు, ఎంత ధైర్యం అని మెచ్చుకున్నాడు. అంతే, ప్రేమానందం లేచి నిలబడి, “అది కావాలనే అట్ల తీసినాం సార్,” అన్నాడు. సినిమాకని తెచ్చిన బహుమతి షీల్డు అతని చేతికే ఇచ్చినారు. మునిరామయ్య ఉపన్యాసం వచ్చేసరికి హాలు సగం ఖాళీ.

అలాంటివాడి నుంచి సిగ్గు ఆశించినందుకు ఆమెకి తన మీదే చీదర పుట్టింది.

సెలవులకి పోయినప్పుడు నగరిలో షెడ్డు ఓనరు ఇంట్లో టీవీ, వీసీఆర్ పెట్టించి నేతగాళ్లకీ చూపించింది. చౌడమ్మ తనని తాను చూసుకుని, “బాగానే అడిగినానే!” అని తొడ చరిచింది. టీవీలో మునిరామయ్య వచ్చేసరికి, “ఈ అయ్యెవురు మే? ఆపేయ్, వంట చేసుకోవాల,” అని లేచింది. పంకజాక్షి సంతోషంగా ఆపేసింది.

చదువయ్యాక ఆమె గురప్ప దగ్గరే పనికి కుదిరింది. పాకాల, పలమనేరు, ఐరాల నుంచి క్యాసెట్లు వచ్చేవి. ఎవరైనా తాను డైరెక్టరునని చెప్పుకుంటూ వస్తే, కూర్చోమని కూడా అనకుండా క్యాసెట్ కోసం చెయ్యి చాపేది.