కియాన్ సెంగ్ నేల మీద ఎందుకు పడుకునేవాడు

రెండేళ్ళ కిందట మా బ్లాకులో లిఫ్టు దగ్గర ఒక మాట పుట్టింది. నెలకోసారి అలారం తాళ్ళు పరీక్షించడానికి వచ్చే కియాన్ సెంగ్ పొద్దున్నే తాగి వస్తాడనీ, ముసలివాళ్ళ బాత్రూముల్లో నేల మీద పడి నిద్రపోతాడనీ. రెండో అంతస్తులో నిద్రగా ఉన్నది ఐదో అంతస్తుకు చేరేసరికి మూర్ఛ అయింది. తొమ్మిదో అంతస్తులోనైతే చచ్చిపోయినవాళ్ళతో మాట్లాడుతున్నాడన్నారు. ఈ మాటలు మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను, కాబట్టి దించాల్సింది కూడా నేనే. అతను ఆ పని మానేసి ఏడాది దాటింది. నీ గురించి రాస్తానయ్యా అంటే, "రాసుకోండి ఆంటీ, చదివేదెవరు" అన్నాడు.

మాది తోవా పాయో పేటలో వయసు మళ్ళినవాళ్ళకు అద్దెకిచ్చే బ్లాకు. ప్రతి ఇంట్లో రెండు ఎర్ర తాళ్ళు వేలాడుతుంటాయి, మంచం పక్కన ఒకటి, బాత్రూములో ఒకటి. లాగితే తలుపు మీద ఎర్ర లైటు మినుకుమినుకుమంటుంది, గంట మోగుతుంది, కింద మా బాగోగులు చూసే సెంటర్లో ఉన్న పలక మీద మన ఇంటి నెంబరు పడుతుంది. ఆ తాళ్ళూ, కరెంటు పోతే మెట్ల మీద వెలిగే దీపాలూ కియాన్ సెంగ్ బాధ్యత. మొదట్లో ఇద్దరు వచ్చేవాళ్ళు. ఒకడు పైన లాగితే ఇంకొకడు కింద పలక చూసేవాడు. తర్వాత కంపెనీ ఒక్కణ్ణే పంపింది. పలక చూసే పని సెంటర్ మేనేజరు నూరైని మీద పడింది.

కియాన్ సెంగ్‌కి అప్పటికి అరవై ఆరేళ్ళు. పుంగోల్ పల్లెలో పందుల దొడ్డి ఉన్న ఇంట్లో పుట్టాడు. పదిహేడేళ్ళకే ఓడల యార్డులో వైర్లు లాగే పనికి చేరాడు. పెళ్ళి ఒకసారి కుదిరి తప్పిపోయిందట, ఆ అమ్మాయి పేరు మాత్రం ఎంత అడిగినా చెప్పలేదు. యిషున్‌లో ఒంటరి కాపురం. మనుషుల పేర్లు గుర్తుండేవి కావు, నెంబర్లే. "నాలుగో అంతస్తు నూటపదిహేడు దగ్గు తగ్గిందా ఆంటీ?" అనేవాడు. ఆ నూటపదిహేడు పోయాక కూడా నెల నెలా ఖాళీ ఇంట్లోకి వెళ్ళి తాడు లాగాల్సిందే. ఎవరూ లేని తలుపు మీద ఎర్ర లైటు వెలుగుతుంటే మేం అటు చూడకుండా నడిచిపోయేవాళ్ళం.

ఏడాదికోసారి మెట్ల దీపాలకు కరెంటు కట్టేసి, ఏది ఎంతసేపు వెలుగుతుందో చూడాలి. రెండు గంటలు. కిటికీల్లేని ఆ మెట్ల మీద పట్టపగలే చీకటి. ఆ దీపాల కింద అట్ట ముక్క వేసుకుని కూర్చుని, పేకెట్ అన్నం తింటూ, ఆరిపోయినదాని నెంబరు రాసుకునేవాడు. ఒకసారి నేను అటుగా వెళితే తినడం ఆపేసి పేకెట్ మూసేశాడు. నేను దిగిపోయేదాకా తెరవలేదు.

నిద్ర సంగతి మొదట చూసింది ఏడో అంతస్తు చోంగ్. ఒకప్పుడు బస్సుల్లో టిక్కెట్లు తనిఖీ చేసేవాడు, ఇప్పటికీ అందరినీ టిక్కెట్టు లేనివాళ్ళను చూసినట్టే చూస్తాడు. అతని బాత్రూము తలుపు సగం తెరిచి ఉందట, లోపల కియాన్ సెంగ్ నేల మీద పక్కకు తిరిగి పడి ఉన్నాడట. మా పక్కింటి సవోదా కూడా తన ఇంట్లో చూసింది.

"మూడు నిమిషాలు చూశానక్కా, ఉలుకూ పలుకూ లేదు. నా ఇంట్లో పోతే పోలీసులు నన్నడగరూ?"

"అడిగితే నీ కబుర్లు భరించలేక పోయాడని చెప్పు."

"నవ్వకు. చోంగ్ వెళ్ళి నూరైనితో చెప్పేశాడు."

నిజమే. నూరైని అతన్ని పిలిచి అడిగింది. "పనే చేస్తున్నాను మేడమ్" అన్నాడు, అంతే. తర్వాతి నెల పరీక్ష అయ్యాక వచ్చే గురువారం అద్దెదారుల మీటింగు. అప్పటికి సరైన జవాబు రాకపోతే ఇంకొకరిని పంపమని కంపెనీకి రాస్తానంది. ఆ వయసువాణ్ణి ఒక బ్లాకు వద్దంటే ఇంకో బ్లాకుకి పంపరు, ఇంటికే పంపుతారు. అది అతనికీ తెలుసు, మాకూ తెలుసు.

నాకు నిద్ర పట్టలేదు. జాలితో అని చెప్పను, అసలు విషయమేమిటో తెలియక. తర్వాతి నెల అతను రాగానే నిచ్చెన పట్టుకుంటానని వెంట పడ్డాను.

"మీకెందుకు ఆంటీ శ్రమ?"

"ఇంట్లో కూర్చుంటే కాళ్ళు పట్టేస్తున్నాయిలే."

మా ఇంటి వంతు వచ్చింది. తుడిచేటప్పుడు మొహానికి తగులుతోందని బాత్రూము తాడును సబ్బు పెట్టె కొక్కేనికి చుట్టి ముడేసి ఉంచాను. అతను ముడి విప్పాడు. జేబులోంచి గుడ్డ తీసి నేల పొడిగా తుడిచాడు. తర్వాత, ఒక చేత్తో గోడ పట్టుకుని, మెల్లగా, ముందు మోకాలు, తర్వాత నడుము, అలా పక్కకు ఒరిగి పడుకున్నాడు. చెంప నేలకు ఆనించాడు. ఒక చెయ్యి తాడు వైపు చాచాడు. తాడు చివర వేళ్ళకు జానెడు పైన ఊగుతోంది.

నేను వంగి వాసన చూశాను. మందు కాదు, నొప్పుల నూనె.

"ఏంటయ్యా, నా ఇంట్లో నిద్రా?"

"లేదు ఆంటీ. అందట్లేదు."

"ఏది?"

"తాడు. పడినవాళ్ళు నిలబడి లాగలేరు కదా."

లేచి ఇంకో ముక్క తాడు కట్టాడు. మళ్ళీ పడుకుని లాగాడు. బయట గంట మోగింది. కింద నుంచి నూరైని గొంతు, "వచ్చింది అంకుల్". పని అయిపోయినట్టే. అయినా అతను లేవలేదు. లైటు అలాగే వెలుగుతోంది. పక్కింట్లో సవోదా చేప వేయిస్తోంది, నూనె చిటపటలు వినిపిస్తున్నాయి. వరండాలో ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళారు, ఆగలేదు. టెస్టు రోజని అందరికీ తెలుసు, ఎవరు వస్తారు. అతను మాత్రం తలుపు వైపే చూస్తూ పడుకున్నాడు. రెండు నిమిషాల తర్వాత లేచి కాగితం మీద గీత పెట్టాడు. ఆ కాగితంలో పనిచేస్తుంది, పనిచేయదు అని రెండే గళ్ళు. చెయ్యి అందుతుందా, ఎవరైనా వస్తారా అనే గళ్ళు లేవు.

"ఈ మాట నూరైనికి చెప్పొచ్చు కదా?"

"ఎందుకు పడుకోవాలనిపించింది అని అడుగుతారు ఆంటీ" అని నిచ్చెన ఎత్తుకున్నాడు.

గురువారం మీటింగులో చోంగ్ లేచి, తాగుబోతులు ఇళ్ళలోకి రావడం ఏమిటని మొదలుపెట్టాడు. కియాన్ సెంగ్ వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు, ఇంకెవరి గురించో వింటున్నట్టు. నేను ఆగలేకపోయాను.

"ఏమయ్యా చోంగ్, పద మీ ఇంటికి. నూరైనీ, నువ్వూ రామ్మా."

మేం ముగ్గురం, వెనక సవోదా, ఏడో అంతస్తుకు వెళ్ళాం. చోంగ్ బాత్రూములో తాడును, టెస్టు రోజు కియాన్ సెంగ్ విప్పి వెళ్ళినా, మళ్ళీ నీళ్ళ పైపుకు మూడు చుట్లు చుట్టేశాడు. బట్టలు ఆరేసే వెదురు గడకు అడ్డం వస్తోందట. నేను లోపలికి వెళ్ళి నేల మీద పడుకున్నాను. నాకు డెబ్బై ఒకటి.

"లేవండాంటీ, నేల తడిగా ఉంది" అన్నాడు చోంగ్.

"తడి నేల మీదే కదయ్యా పడేది. ఇప్పుడు నేను నువ్వనుకో. తుంటి విరిగింది. ఎలా లాగను?"

చెయ్యి చాచాను. పైపు ఎంతో ఎత్తున ఉంది. చోంగ్ పైపును చూశాడు, నన్ను చూశాడు.  నేల మీంచి గది కనిపిస్తోంది, ఆ ఇంట్లో రెండో కుర్చీ లేదని అప్పుడు గమనించాను.

"అక్కను లేపండి ముందు" అంది సవోదా.

చోంగ్ నన్ను లేపలేదు. ముందు తాడు విప్పాడు, మూడు చుట్లూ, తన చేత్తోనే. తర్వాత, "నేనేం కాగితం రాసివ్వలేదు కదా, ఊరికే నోటిమాటగా అన్నాను" అన్నాడు. నూరైని ఆ మాటే పట్టుకుని కంపెనీకి రాయనంది. కిందికి వచ్చి కియాన్ సెంగ్‌కి చెబితే, "సరే మేడమ్" అని మిగిలిపోయిన మెట్ల దీపాలు చూడటానికి వెళ్ళిపోయాడు. థాంక్స్ కూడా లేదు. పని నిలబడిన మనిషి మొహంలా లేదు అది.

అదే తొలుస్తుంటే నేనూ మెట్లెక్కాను. ఆరో అంతస్తు మలుపులో నిచ్చెన మీద ఉన్నాడు. బరువంతా కుడి కాలి మీదే వేశాడు, ఎడమది మోపడం లేదు. నిచ్చెన పట్టుకున్నాను. ఈసారి చుట్టూ తిప్పకుండా అడిగేశాను.

"నువ్వు పడ్డావు కదూ?"

దీపం టెస్టు మీట నొక్కిన వేలు తియ్యకుండానే చెప్పాడు.

"కంపెనీకి తెలిస్తే నిచ్చెన ఎక్కనివ్వరు ఆంటీ. అందుకే మేడమ్‌కి చెప్పలేదు. పోయిన వానల్లో, మా బాత్రూములో. మా బ్లాకులో తాళ్ళు ఉండవు. ఫోను హాల్లో ఉంది."

"ఎవరూ వినలేదా?"

"అరిచాను. గోడ అవతల టీవీ."

"ఎంతసేపు పడి ఉన్నావయ్యా?"

నిచ్చెన మీద నుంచి ఒక మెట్టు దిగి, ఆగి, చెప్పాడు.

"పక్కింటివాళ్ళు రెండుసార్లు వండుకున్నారు ఆంటీ. మొదటిసారి చేప. రెండోసారి ఏమిటో పోల్చుకోలేకపోయాను."