మూడడుగుల తలుపు, ఆరడుగుల బండ

మా అమ్మకు గాలి తగలాలని నంద్యాలలో మా ఇంటి పక్క ఖాళీ జాగాలో నాలుగు స్తంభాల మీద ఒక గది కట్టించాను. వాన గట్టిగా పడితే మా సందులో మోకాటి లోతు నీళ్ళు నిలుస్తాయి కాబట్టి గదిని మనిషెత్తుకు లేపి పన్నెండు మెట్లు పెట్టించాను. పాలు పొంగించిన రోజున అమ్మ ఆ మెట్లు ఒకసారి ఎక్కింది. మోకాళ్ళు పట్టుకుని దిగి, ఆ గది కిందే నీడలో నులకమంచం వాల్చుకుంది. మళ్ళీ పైకి పోలేదు. గాలి తగలాల్సిన గదిలో నా ఇస్త్రీ బట్టలకు గాలి తగిలేది.

కింద మాత్రం అమ్మ దర్బారు బాగా సాగింది. సందులో పోయేవాళ్ళను పలకరించేది, బియ్యంలో రాళ్ళు ఏరేది. మధ్యాహ్నం కాగానే ఎదురింట్లో గాజులమ్ముకునే సాయిబులామె వచ్చి మంచం కోడు పక్కన కూర్చునేది. ఇద్దరూ కలిసి సందులో ఎవరినీ వదిలేవాళ్ళు కాదు.

ఇదంతా చూసి సంతోషపడక, ఒకరోజు మా బావమరిది అన్న మాట పట్టుకున్నాను. "ఏంది బావా, ఇంటికింద బస్టాండు కట్టినావే" అన్నాడు. నాకు ఉక్రోషం వచ్చింది. స్తంభాల చుట్టూ పునాది తవ్వించి, గోడ లేపి, కింది భాగాన్ని కూడా గది చేద్దామనుకున్నాను. అడిగినవాళ్ళకు మాత్రం అమ్మ కోసమనే చెప్పాను. పందులొస్తున్నాయి, నీళ్ళొస్తున్నాయి అన్నాను. అవి రావడం నిజమే. అమ్మను ఒక మాట అడగలేదన్నదీ నిజమే.

పనికి ఆళ్లగడ్డ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. వాళ్ళది విగ్రహాలు చెక్కే వంశం. ఆ పని తక్కువై ఈమధ్య రాతిగోడలు కడుతున్నాడు. చేతికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. రేగడి మన్ను తవ్వి, కింద గట్టి గరుసు నేల తగిలాక పునాది మొదలుపెట్టాడు. మట్టిలో కప్పబడిపోయే రాయిని కూడా ముందు పెట్టుకుని, ఉలితో నాలుగు వైపులా సాపు చేసేవాడు. మన్నులో పోయే రాయికి ఈ సోకులెందుకన్నా అని అడిగాను.

"రాయి మీద రాయి కుదురుగా కూచోవల్ల గదప్పా" అన్నాడు, తలెత్తకుండా.

ఇంతలో ఆషాఢం వచ్చింది. పునాదికి జ్యేష్ఠంలోనే టెంకాయ కొట్టేశాం కనక గోడ లేపవచ్చట, ద్వారబంధం మాత్రం నిలబెట్టకూడదట. శాస్త్రంలో సందులు వెతకడం మాకు వెన్నతో పెట్టిన విద్య. వడ్రంగి చేత మూడడుగుల తలుపు చేయించి మెట్ల కింద ఆనించాను. సందు వైపు వాకిలికి జాగా వదలమని పెద్దాయనకు చెప్పాను. ఆయన దాని మీద ఆరడుగుల బండ ఎత్తించాడు. మూడడుగుల వాకిలికి అంత బండ ఎందుకన్నాను. "ఉండనీలేప్పా" అన్నాడు. ముసలాయన మొండి అనుకున్నాను. శ్రావణం దాకా పందులు దూరకుండా ఆ జాగా కూడా రాళ్ళతో మూసేయమన్నాను. మూశాడు.

అమ్మ మంచం హాల్లోకి వచ్చింది, టీవీ ముందుకు. నాకు అది గొప్ప సౌకర్యమనిపించింది. గాజులామె రెండు రోజులు వచ్చింది. చెప్పులు విడిచి, హాలు దాటి, మా సోఫా అంచున బంధువులింటికి వచ్చినట్టు కూర్చుని, మూడో రోజు నుంచి మానేసింది. అమ్మ తినేది తగ్గింది, మాట తగ్గింది. పొద్దంతా గోడవైపు తిరిగి పడుకునేది. డాక్టరుకు చూపిస్తే బలానికి మాత్రలు రాశాడు. అవి కూడా తెచ్చాను. తేవడంలో నేనెప్పుడూ వెనకపడలేదు.

శ్రావణంలో మంచిరోజు చూసి పెద్దాయనను పిలిపించాను. పసుపు, కుంకుమ, మామిడాకులు సిద్ధం చేసి, ద్వారబంధానికి బొట్టు పెట్టమని అమ్మను చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చాను. ఆమె ఆ గోడను పైనుంచి కిందిదాకా చూసింది.

"మీద రూము కట్టి ఎక్కలేకుండా చేస్తివి. కింద గోడ కట్టి కూచోలేకుండా చేస్తివి. ఇంగ నా కోసరం ఏమీ కట్టొద్దు నాయనా."

కోపంగా అని ఉంటే బాగుండేది. బతిమాలినట్టు అంది. కుంకుమ గిన్నె మెట్టు మీద పెట్టేశాను.

పెద్దాయన సుత్తి తీసుకోలేదు. గోడ దగ్గరికి పోయి పై రాయిని రెండు చేతులతో లాగాడు. అది ఊడి వచ్చింది. దాని కిందిదీ వచ్చింది. ఒక్క రాయికీ సిమెంటు అంటుకుని లేదు. ఆయన చెక్కిన తీరుకు ఒకదాని మీద ఒకటి కూర్చుని నెలంతా నిలిచాయి. చూస్తుండగానే ఆ పెద్ద బండ కింద మంచమంత దారి తెరుచుకుంది.

"అమ్మ మంచం యాడ ఉండెనో వచ్చిన పొద్దే చూసినాప్పా. ఆడ సిమెంటు పెట్టలే" అన్నాడు.

నాకు సిగ్గేసింది. నలభై ఎనిమిదేళ్ళు ఆమె కొడుకుగా ఉన్నాను. ఆయన మా ఇంటికి రాళ్ళ పనికి వచ్చాడు.

మంచం నేనే మోసుకొచ్చాను. ఆ బండ కింద పొడవునా సరిగ్గా పట్టింది. మధ్యాహ్నం చెప్పులతోనే గాజులామె వచ్చింది. మూడడుగుల తలుపు ఇప్పటికీ మెట్ల కిందే ఉంది. దాని గడియకు ఆమె గాజుల సంచి తగిలించుకుంటుంది.