తల్లి గడిలో రాసిన గంటలు

నా మనవరాలు ముప్పై ఒకటో వారంలోనే పుట్టింది. బరువు పన్నెండు వందల నలభై గ్రాములని మాదాపూర్‌లోని ఆ ఆసుపత్రి వారు చీటీ ఇచ్చారు. తూనికలు, కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్లు ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన వాడిని. ఎవరు ఏ బరువు చెప్పినా నాకు ముందు పుట్టేది అనుమానమే. ఏ కాటా మీద తూచారు? దాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారు?

అదే ప్రశ్న ఆ వార్డు పెద్ద నర్సును అడిగాను. జనగామ వైపు మనిషి, నిర్మొహమాటంగా మాట్లాడేది.

"ఏంది సార్, కూరగాయల బండా గిది? పసిపిల్లను తూస్తున్నం. జర మమ్మల్ని నమ్మున్రి."

నమ్మలేదు. పన్నెండో రోజు నుంచి ఒక చిన్న పుస్తకం పెట్టుకున్నాను. తల్లిదండ్రులకు తప్ప ఎవరికీ లోపలికి ప్రవేశం లేదు. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా అద్దం బయట నిలబడి చూడవచ్చు. పాప ఉన్న గాజుపెట్టె పక్కన ఒక యంత్రం, దాని మీద ఒక అంకె. ఒంట్లో ప్రాణవాయువు ఎంత ఉందో ఆ అంకె చెబుతుంది. పాప ఊపిరి తీయడం మరిచిపోతే అంకె పడిపోతుంది, అలారం మోగుతుంది. నర్సు వచ్చి అరికాలు రుద్దుతుంది, అంకె మళ్లీ లేస్తుంది. అలారం మోగిన ప్రతిసారీ సమయం, అప్పుడు పాప ఎక్కడ ఉందో రాసుకునేవాణ్ణి. యంత్రం మీదే నా అనుమానం.

పాపను పెట్టెలోంచి తీసి తల్లి గానీ తండ్రి గానీ రొమ్ముకు ఆనించుకుని, పైన దుప్పటి కప్పుకుని కూర్చోవాలని అక్కడి పద్ధతి. బరువు పెరగడానికీ, ఊపిరి కుదురుకోవడానికీ అది అవసరమని డాక్టరుగారు చెప్పారు. ఎవరు ఎంతసేపు కూర్చున్నారో రాసే కాగితం తలుపు బయట చేతులు కడుక్కునే చోట ఒక అట్టకు తగిలించి ఉండేది. రెండు గడులు: తల్లి, తండ్రి. దాన్ని నేను రోజూ చదివేవాణ్ణి. మా అమ్మాయి గడిలో ప్రతిరోజూ ఒకే రాత: మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. అల్లుడి గడిలో ఐదు నుంచి ఆరు.

పదహారో రోజు నల్లగండ్లలోని ఇంటి నుంచి భోజనం క్యారియర్ తీసుకుని ముందుగానే బయలుదేరాను. రెండూ ఇరవైకి ఆసుపత్రి క్యాంటీన్‌లో అమ్మాయి కనిపించింది. ఇద్దరం మూడూ యాభై దాకా అక్కడే కూర్చున్నాం. తను రెండు ముద్దలకన్నా తినలేదు. నాలుగు దాటాక పైకి వెళ్లి కాగితం చూశాను. తల్లి: రెండు నుంచి నాలుగు.

మొదట నర్సును అనుమానించాను. చూడకుండానే గడులు నింపే గుమాస్తాలను ఎంతమందినో చూశాను. కానీ ఒక్క రోజును ఆధారం చేసుకోవడం నాకు అలవాటు లేదు. పదిహేడో రోజూ రెండింటికే వెళ్లాను. అమ్మాయి కింద మందుల దుకాణం ఎదుటి బెంచీ మీద ఉంది. పద్దెనిమిదో రోజూ అక్కడే ఉంది. కాగితం మాత్రం మూడు రోజులూ ఒకే మాట చెప్పింది. ఆ రాత అల్లుడిదని అప్పుడు గుర్తుపట్టాను.

ఆ సాయంత్రం ఆరింటికి అతను బయటికి వచ్చేదాకా లిఫ్టు దగ్గర ఆగాను.

"బాబూ, మా అమ్మాయి ఒకే సమయానికి కింద బెంచీ మీదా, పైన కుర్చీలోనూ ఎలా కూర్చుంటోంది?"

అతను నా చేతిలోని పుస్తకం వైపు చూశాడు. "ఆ రెండు గంటలూ నేనే కూర్చుంటున్నాను మామయ్యగారూ. తొమ్మిదో రోజు తను మొదటిసారి ఎత్తుకున్నప్పుడు పాప నీలంగా అయిపోయింది. నర్సు తేరుకునేలా చేసింది. ఆ తర్వాత తను పాపను ముట్టుకోలేదు. గడి ఖాళీగా ఉంటే మీరు అడుగుతారని..."

"నేనా?"

"రోజూ ఆ కాగితం చదివేది మీరొక్కరే కదండీ."

కిందికి దిగి అమ్మాయి పక్కన కూర్చున్నాను. తెలిసిందని నా మొహం చూసే గ్రహించింది.

"నేను పట్టుకుంటే ఊపిరి ఆగింది నాన్నా. ఆయన పట్టుకుంటే ఆగదు."

"ఆగుతుంది," అని పుస్తకం తెరిచాను. ఏడు సాయంత్రాలు, పద్నాలుగు గంటలు. పెట్టెలో ఉన్న ఏడు గంటల్లో అలారం తొమ్మిదిసార్లు మోగింది. తండ్రి రొమ్ము మీద ఉన్న ఏడు గంటల్లో మూడుసార్లు.

తను అంకెల మీద వేలు పెట్టి చదివింది. నా కూతురే కదా, తేలిగ్గా ఒప్పుకోలేదు. "ఇది ఆయన లెక్క. నాది ఒకటికి ఒకటి."

"ఒక్కసారి తూచి ఏ దుకాణం కాటానూ తప్పని నేను రాయలేదమ్మా. మూడుసార్లు తూచాకే రాసేవాణ్ణి. నువ్వు తూచింది ఒక్కసారే."

పద్నాలుగు గంటల లెక్క ఏ నిర్ణయానికీ చాలదని నాకు తెలుసు. ఉద్యోగంలో ఎవరైనా అంత తక్కువ ఆధారంతో వస్తే వెనక్కి పంపేవాణ్ణి. ఆ మాట తనకు చెప్పలేదు.

పంతొమ్మిదో రోజు సాయంత్రం నాలుగూ పదికి అమ్మాయి లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చుంది. నర్సు పాపను తన రొమ్ము మీద పడుకోబెట్టి దుప్పటి కప్పింది. తొంభై నాలుగు. తొంభై ఒకటి. తొంభై మూడు. ఏడో నిమిషంలో ఎనభై నాలుగుకు పడి అలారం మోగింది. అమ్మాయి లేస్తుందనుకున్నాను. నర్సు చెయ్యి చాపేలోపే దుప్పటి కిందికి తనే చెయ్యి పోనిచ్చి అరికాలు రుద్దింది. ఎనభై ఎనిమిది. తొంభై రెండు. మరి నాలుగు నిమిషాలు కూర్చుని పాపను నర్సుకు అప్పగించింది.

అప్పటికే అల్లుడు కాగితంలో తొమ్మిది రోజుల తల్లి గడులు కొట్టేసి, ఆ గంటలు తన గడిలోకి ఎక్కించి సంతకం పెట్టాడు. నర్సు బయటికి వచ్చి కలం తీసింది.

"పావుగంట అని రాస్త సార్. చూడనీకె మంచిగుంటది."

"పదకొండు నిమిషాలు. పదకొండే రాయండి."

"మీతోని పరేషాన్ సార్," అంటూ రాసింది.

అమ్మాయి వచ్చి కాగితం చదివింది. తర్వాత నా చేతి గడియారం వైపు చూసింది.

"ఇది రెండోసారే నాన్నా. మూడోది ఐదున్నరకు. మీరు ఇక్కడే ఉండండి."