ఇనుముకు ఎర్రగడ్డలు

వజ్రం ఇనుము కాదు. ఈ సంగతి తెలుసుకోవడానికి నేను ఒక మెటల్ డిటెక్టర్ కొనాల్సి వచ్చింది.

తొలకరి వాన పడితే మా పక్క జనం ఎర్రచేలల్లో వంగి వజ్రాలు వెతుకుతారు. ఏటా నేనూ వంగినాను. నడుంనొప్పి తప్ప ఏమీ దొరకలేదు. మిషన్ ఉంటే నిలబడే వెతకొచ్చు కదా అని ఆన్‌లైన్లో తెప్పించినాను. పెట్టె విప్పుతుంటే మా బావ, అంటే అక్క మొగుడు, మెల్లగా అడిగినాడు: "ఏమప్పా, వజ్రం లోహమా?"

అప్పటిదాకా ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు.

సిగ్గు దాచుకోవడానికి హెడ్‌ఫోన్ తగిలించుకున్నాను. బావ మిషన్ ఎత్తి, దాని కొసనుండే పళ్లెం నా తల మీద పెట్టినాడు. కుయ్యిమంది. హెడ్‌ఫోన్లో ఇనుముంటుంది మరి. "స్క్రూ ఉండాదప్పా, లూజుగా ఉండాది" అన్నాడు.

వాపసు పంపడానికి పౌరుషం అడ్డొచ్చింది. సాయంత్రాలు చేన్లలో తిరిగినాను. మొదట్లో అడుగడుక్కీ కూసింది. మా ఎర్రమట్టిలోనే ఇనుముంది, దాన్నేం తప్పుపడతాం? దాని గొంతు తగ్గించడం నేర్చుకున్నాను. ఎద్దుల లాడాలు, విరిగిన నాగలి కర్రు, సోడా మూతలు దొరికినాయి. మేకుకు గరగర, ఇత్తడికి సన్నని ఈల. కొన్నాళ్లకు తవ్వకముందే లోపల ఏముందో చెప్పగలిగినాను. నా చెవులంటే నాకే గౌరవం పెరిగింది. బావకు మాత్రం పెరగలేదు. గోనెసంచితో వీధిలో కనబడితే చాలు, పాత ఇనుము తీసుకొని ఉల్లిపాయలిచ్చే బేరగాడి మాదిరి "ఇనుముకు ఎర్రగడ్డలో!" అని కేక పెట్టేవాడు.

చెనక్కాయ పీకే రోజుల్లో అక్క చెవికమ్మ ఒకటి వాళ్ల చేన్లో పడిపోయింది. మా అమ్మ కమ్మలవి. పోయేముందు తన చేత్తోనే తీసి అక్కకు పెట్టింది. కూలోళ్లంతా మట్టి జల్లెడ పట్టినా దొరకలేదు. అక్క గట్టు మీద కూర్చొని, బోసి చెవిని పట్టుకొని ఏడుస్తానే ఉందంట. బావ వచ్చి మా గడప దగ్గర నిలబడినాడు. మిషన్ తెమ్మనడానికి ఆయనకు నోరు రాలేదు. నేనే చెప్పులేసుకున్నాను.

చేనంతా తిప్పినాను. అన్నీ మేకులే. అప్పుడు తోచింది: చెట్లు పీకి, కట్టలు కట్టి, వామి వేసేసినారు కదా, కమ్మ ఇంకా మట్టిలోనే ఎందుకుండాల? వామి చుట్టూ పళ్లెం ఆనించుకుంటా పోయినాను.

"ఆకుల్లో వెతుకుతాండావేమప్పా?" అన్నాడు బావ.

ఒకచోట సన్నగా ఈల. మళ్లీ పెట్టినాను, అదే ఈల. కట్టలు ఒక్కొక్కటే లాగినాము. వేర్ల మధ్య, కాయల పక్కన కాయలాగా, మట్టి పూసుకొని అమ్మ కమ్మ!

"లూజైన స్క్రూ ఇదీ, బావా" అన్నాను.

అక్క దాన్ని కొంగుతో తుడిచి అక్కడే పెట్టుకుంది. చెవికమ్మను చెవులతో పట్టినవాణ్ణి నేనొక్కణ్ణేనేమో. ఆ మాట ఇప్పటికీ కనబడినవాళ్లకల్లా చెప్తాంటాను.

బావ నన్ను బండెక్కించుకున్నాడు. "ఏం కావాల్నో అడుగప్పా."

"ఏం వద్దు బావా. మా వీధి మలుపు నుంచి ఇంటిదాకా ఆ కేక పెట్టు, చాలు."

పెట్టినాడు పాపం, తల దించుకొని. నాలుగిళ్లు దాటకముందే ఒక అవ్వ చిల్లుబకెట్టు పట్టుకొని బండికి అడ్డమొచ్చింది. "నిలుపప్పా! ఎర్రగడ్డలు యాడ?"

బావ వెనక్కి తిరిగి నావైపు చూసినాడు. నేను హెడ్‌ఫోన్ తగిలించుకున్నాను.