‘అబ్‌స్కాండ్’ అంటే లేచిపోవడమా?

కఠినమైన ఇంగ్లిష్ మాటలు బట్టీపట్టే మీరు, వాటిని ఎవరు ఎవరి మీద వాడుతున్నారో ఒక్కసారైనా అడిగారా?

నేనూ, సిరిసిల్లలో మా పక్కింటి మిత్రుడూ కోరుట్లలో ఉద్యోగ పరీక్షల కోచింగ్‌కు వెళ్లేవాళ్లం. అక్కడి సారు ‘అబ్‌స్కాండ్’, ‘ఇలోప్’ రెండింటికీ కలిపి ‘లేచిపోవడం’ అని ఒకటే అర్థం చెప్పాడు. క్లాసంతా నవ్వింది.

మిత్రుడి అన్న సాంచాల (మరమగ్గాల) పని దొరక్క దుబాయి వెళ్లాడు. మేమిద్దరం వాళ్లింట్లో ఉన్న ఒక ఆదివారం, అతన్ని పంపిన జగిత్యాల ఏజెంటు ఫోన్ చేశాడు. “మీవాడు అబ్‌స్కాండ్ అయిండు” అని పెట్టేశాడు. మిత్రుడు సారు చెప్పిన అర్థమే తల్లికి చెప్పాడు.

“లేచిపోయిండా? ఎవతెతోని?” అని ఆమె కోడలి మీద పడింది. “మొగణ్ని ఆపుకోలేనిదానివి, నా ఇంట్ల నీకేం పని? నడువ్!”

“ఆయన గట్లాంటోడు కాదత్తా!”

సోది చెప్పేవాళ్లను పిలిపిస్తే, ఆడమనిషి కనబడుతోందని చెప్పి బియ్యం పట్టుకుపోయారు. వాడకట్టు చూస్తుండగా కోడల్ని వెళ్లగొట్టారు.

అసలు సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది: మిత్రుడి అన్న లేచిపోలేదు. జీతమివ్వని యజమానిని వదిలి వేరే పనిలో చేరాడు. చెప్పకుండా పని వదిలి పారిపోయాడని కూలీ మీద యజమాని పోలీసుల దగ్గర మోపే నేరం పేరే ‘అబ్‌స్కాండ్’. ఆ కేసులో పట్టుబడి అతను అక్కడ జైల్లో మగ్గుతుంటే, విడిపించాల్సిన తల్లీ తమ్ముడూ ఇక్కడ శాపనార్థాలు పెడుతూ కూర్చున్నారు.

మీ వాడకట్టులో ఏ ఇంటికైనా ఈ మాట వస్తే వెంటనే వెళ్లండి. దాని అసలు అర్థం చెప్పండి. ఆ మనిషి ఏ జైల్లో ఉన్నాడో వెతికించండి.